వాగు, తూము, కలుజు లేని చెరువు

పోయిన నెల పదో తరగతి యూనిట్ పరీక్షలో ‘చెరువు ఆవరణ వ్యవస్థను పటం సహాయంతో వివరించండి’ అని నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. నలభై ఒక్క జవాబు పత్రాలు వచ్చాయి. వాటిలో నలభైటిలో ఉన్నది ఒకటే చెరువు. కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, కుడివైపు మూలన సూర్యుడు, నీటి మీద రెండు తామరాకులు, ఒక ఆకు మీద కప్ప, మధ్యలో చేప, ఒడ్డున ఒంటికాలి మీద కొంగ, అడుగున చుక్కలు పెట్టి ‘విచ్ఛిన్నకారులు’ అని బాణం గుర్తు. నలభై మందీ చూసి రాశారని నేను అనుకోను. ఎనిమిదో తరగతి నుంచి ఏటా నేను బోర్డు మీద గీసే చెరువు అదే, నాకు మా మాస్టారు గీసి చూపించిన చెరువూ అదే.

నలభై ఒకటో పత్రం ఒక అమ్మాయిది. ఆమె గీసిన చెరువు నలుచదరంగా ఉంది. గట్టు మీద మేత బస్తాలు పేర్చి ఉన్నాయి, పక్కన కరెంటు స్తంభం, నీటికి గాలి అందిస్తూ తిరుగుతున్న ఏరియేటరు చక్రాలు, గట్టును తొలుచుకొని బయటి కాలువలోకి పోతున్న ఒక గొట్టం. సూర్యుడు ఉన్నాడు గాని కొంగ లేదు, కప్ప లేదు. ‘పుస్తకంలో ఉన్నట్లు గీయవలెను’ అని ఎర్ర సిరాతో రాసి రెండు మార్కులు వేశాను. పత్రాలు తిరిగి ఇచ్చిన రోజు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, ‘సార్, మా ఇంటి ముందర చెరువు ఇట్లనే ఉండాది’ అంది. వాళ్ళ నాన్న కౌలు రొయ్యల గుంట ఒకదానికి కాపలా. ఆమె పుట్టి పెరిగింది ఆ గట్టు మీద పాకలోనే.

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేస్తున్న ప్రయత్నం. నాకు తోచినది ముందే చెబుతాను: జీవావరణ శాస్త్రపు తొలి పాఠాన్ని మనం గట్టుతో మొదలుపెడుతున్నాం, దాన్ని వాగుతో, తూముతో, కలుజుతో మొదలుపెట్టాలి. చెరువులో ఏమేం ఉన్నాయి అన్న ప్రశ్న కంటే ముందు, చెరువులోకి ఏం వస్తుంది, చెరువులోంచి ఏం పోతుంది అన్న ప్రశ్న పిల్లవాడి చేతికి ఇవ్వాలి.

గీత గీసింది మనమే

పుస్తకం తప్పు చెబుతోందని నా ఫిర్యాదు కాదు. జీవులూ, వాటి చుట్టూ ఉన్న గాలి, నీరు, మట్టి, వెలుతురు కలిసి ఒక వ్యవస్థగా పనిచేస్తాయన్న నిర్వచనంలో లోపమేమీ లేదు. 1935లో ఆర్థర్ టాన్‌స్లీ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ‘ఎకోసిస్టమ్’ అన్న మాటను తన వ్యాసంలో వాడినప్పుడే ఒక హెచ్చరిక కూడా జోడించాడు. చదువుకోవడానికి వీలుగా మనం మనసులో విడదీసి పెట్టుకున్న ముక్కలే ఈ వ్యవస్థలనీ, నిజానికి అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయనీ ఆయన అన్నాడు. మన తరగతి గదుల్లో ఆ ముక్క మిగిలింది, దాన్ని విడదీసింది మనమే అన్న సంగతి మాత్రం జారిపోయింది.

మన నెల్లూరు జిల్లాలో ఈ మరుపు మరీ విచిత్రంగా కనబడుతుంది. మనం ‘సహజ ఆవరణ వ్యవస్థ’ కింద పిల్లలతో రాయించే చెరువు ఇక్కడ ఎక్కడా తనంతట తాను పుట్టలేదు. ఎవరో కట్ట పోశారు, తూము పెట్టారు, వరద పొర్లిపోవడానికి కలుజు కట్టారు. నెల్లూరు చెరువుకైనా, సర్వేపల్లి రిజర్వాయరుకైనా, కనిగిరి రిజర్వాయరుకైనా నీళ్ళు పెన్నా ఆనకట్టల నుంచి కాలువల్లో రావలసిందే. ఆ పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప సీమల మట్టిని కలుపుకొని, సోమశిల దగ్గర ఆగి, మన దాకా వస్తుంది. చెరువు అడుగున పేరుకున్న ఒండ్రులో ఏ ఊరి పొలాల ఎరువు ఎంతుందో ఎవరు చెప్పగలరు? ఊళ్ళో ఏ పెద్దాయనను అడిగినా చెరువు గురించి మాట్లాడటం మొదలుపెట్టేది నీటి రాకతోనే: ఈ ఏడు వాగు పారిందా, తూము ఎత్తారా, కలుజు పారిందా. శాస్త్రం అడగవలసిన తొలి ప్రశ్నలు ఆయన నోట అలవాటుగా వస్తుంటే, అవే మన పటంలో లేకుండా పోయాయి.

ఎకాలజీ అన్న మాటను 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ ఇల్లు అనే అర్థం ఉన్న గ్రీకు పదం నుంచి తయారుచేశాడని మనం పిల్లలకు చెబుతుంటాం. ఇల్లు గీయమంటే ఏ పిల్లవాడైనా ముందు గోడలు, కప్పు గీసి, ఆ వెంటనే వాకిలి పెడతాడు. చెరువుకు మాత్రం మనం వాకిలి లేకుండా గీయడం నేర్పాం.

నేలపట్టులో ఒక సాయంత్రం

మూడేళ్ళ కిందట జనవరిలో ముప్పై మంది పిల్లలను నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకువెళ్ళాం. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లా కిందికి వచ్చింది గాని, మా ఊళ్ళో ఇప్పటికీ దాన్ని మన నేలపట్టు అనే అంటారు. చెరువు నీళ్ళలో మొదళ్ళు మునిగి నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద, ఆకు కనబడకుండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్ళు. కొమ్మలన్నీ రెట్టతో సున్నం కొట్టినట్లు తెల్లగా ఉన్నాయి. కింద నీరు పచ్చటి రంగులో, కాస్త చిక్కగా కనిపించింది.

చూపు మంచెకెక్కి బైనాక్యులర్స్ ఒకరి తర్వాత ఒకరు అందుకుంటుండగా, ఒక తల్లి పక్షి వచ్చి గూటి అంచున వాలింది. పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చింది. కాసేపటికి మెడ కూడా లోపలికి పోయింది. రెక్కలు మాత్రం కొట్టుకుంటూ బయట కనబడుతున్నాయి. చూస్తున్న అబ్బాయి భయపడి ‘మింగేస్తా ఉండాది సార్’ అన్నాడు. పిల్లకు తిండి పెట్టే పద్ధతే అదని చెప్పాక ఊపిరి పీల్చుకొని, ఆ వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. ‘ఈ చెరువులో అన్ని చేపలు యాడుండాయి?’

లేవు. నేలపట్టు చెరువు ఆ వేల నోళ్ళకు సరిపోదు. పెద్ద పక్షులు ఎగిరి పులికాట్ ఉప్పునీటి సరస్సు మీదికీ, చుట్టుపక్కల చెరువుల మీదికీ పోయి చేపలు పట్టి, సంచినింపుకొని తిరిగి వస్తాయి. అబ్బాయి నోటు పుస్తకంలో అప్పటికే ‘గూడబాతు: తృతీయ వినియోగదారు’ అని, అంటే ఆహార గొలుసులో తినేవాటిలో మూడో మెట్టుదని రాసుకున్నాడు. ఏ చెరువుకు తృతీయ వినియోగదారు అని నేను అడిగితే, పెన్ను పట్టుకొని నా మొహం వైపు చూస్తూ ఉండిపోయాడు. గూడు ఇక్కడ, తిండి అక్కడ. అక్కడి ఉప్పునీటి చేపలో ఉన్న నత్రజని, భాస్వరం పక్షి కడుపులో ప్రయాణం చేసి ఈ మంచినీటి చెరువులో రెట్టగా పడుతున్నాయి. దానితో నాచు పెరుగుతుంది, నాచుతో నీటి పురుగులు పెరుగుతాయి. తూము వదిలినప్పుడు ఆ నీరే పొలానికి పోతుంది. కింద నడిచి వస్తుంటే ఒక రైతు, ఈ నీళ్ళు పారిన మడికి ఎరువు తక్కువ వేసినా చాలని చెప్పాడు. నేను అప్పటికి పదిహేడేళ్ళుగా పోషకాల చక్రీయం పాఠం చెబుతున్నాను. ఆ పాఠం ఆ రైతు ఒక్క వాక్యంలో ఉంది.

పులికాట్ కూడా అంతటితో ఆగదు. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్లలు, చేప పిల్లలు చాలా వరకు సరస్సులోకి వచ్చి పెరిగి మళ్ళీ సముద్రంలోకి పోయేవి. అవి వచ్చిపోయే దారి సముద్రపు ముఖద్వారం. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి ముఖద్వారం పూడిపోతోందని అక్కడి మత్స్యకారులు ఎన్నో ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. ముఖద్వారం మూసుకుంటే సరస్సులో ఉప్పు పాలు మారుతుంది, చేప తగ్గుతుంది, పడవ ఎక్కేవాడి వల తేలికగా వస్తుంది. అంటే నేలపట్టులో కడప చెట్టు మీద గూటిలో నోరు తెరిచిన పిల్లకూ, అంత దూరాన సముద్రం అంచున పేరుకునే ఇసుకకూ సంబంధం ఉంది. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల దీన్ని ఎక్కడ ఇరికించాలి?

మేత బస్తా లెక్క

ఇక ఆ అమ్మాయి గీసిన గుంట సంగతి. మా తీర మండలాల పిల్లలకు ఆహార గొలుసు అంటే గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బట్టీ పట్టించడం కంటే రొయ్యల గుంట ముందు అరగంట నిలబెట్టడం మేలని నేను ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. గుంట అందమైన ప్రకృతి అని దీని అర్థం కాదు. గుంటలో వచ్చేదీ పోయేదీ ప్రతిదీ తూకంతో, రసీదుతో, పుస్తకంలో రాసి ఉంటుంది. ఇంత స్పష్టమైన లెక్క ఏ అడవిలోనూ దొరకదు.

వనామి రొయ్య ఇక్కడిది కాదు. దాని సొంత చోటు పసిఫిక్ మహాసముద్రానికి అవతలి ఒడ్డు, మెక్సికో నుంచి పెరూ దాకా. 2009లో మన దేశం దాని పెంపకానికి అనుమతించింది. తల్లి రొయ్యలు విమానాల్లో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలకు చేరతాయి. మేతలో సోయా పిండి మధ్య భారతం నుంచి రావచ్చు, చేప పొడి పడమటి తీరంలో పట్టిన కవళ్ళది కావచ్చు. ఆ గట్టు మీది బస్తాను సరిగ్గా గీయాలంటే దానికి రెండు సముద్రాల నుంచి బాణాలు వేయాలి.

ఒకసారి తరగతిలో జీవద్రవ్యరాశి పిరమిడ్, అంటే ఆహార గొలుసులో ఒక్కో మెట్టున ఉన్న జీవుల మొత్తం బరువు చూపే పటం, చెబుతుంటే ఒక అబ్బాయి, మా గుంటలో నాచు కన్నా రొయ్యే ఎక్కువ తూగుతుంది గదా సార్, పిరమిడ్ తలకిందులు అయిందా అని అడిగాడు. సముద్రంలో పిరమిడ్ తలకిందులవుతుందని పుస్తకంలో ఉంది, దానికి కారణమూ ఉంది: వృక్షప్లవకాలు త్వరత్వరగా పుట్టి త్వరత్వరగా తినబడతాయి కాబట్టి ఏ క్షణాన తూచినా తక్కువే కనబడతాయి. నేను ఆ జవాబే చెప్పాను. చెప్పి ఇంటికి వచ్చాక తప్పు చెప్పానని తోచింది. గుంటలో రొయ్య బరువుకు అసలు కారణం బస్తా. పునాది గట్టు బయట, ఎక్కడో సోయా చేలో ఉంది. పిరమిడ్ తలకిందులు కాలేదు, మనం గీసిన గీత దాన్ని మధ్యకు కోసింది.

ఆహార గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తిలో పదో వంతే చేరుతుందనే పది శాతం నియమానికి కూడా ఇదే పరీక్ష పెట్టాం. రైతులు ఎఫ్‌సీఆర్ అనే లెక్క చూసుకుంటారు, అంటే కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందని. చేతికి 1.4 వచ్చిందనుకుందాం. పిల్లలు వెంటనే, అయితే పది శాతం నియమం తప్పా అని అడిగారు. అందరం కలిసి బోర్డు మీద లెక్క వేశాం. మేతలో సుమారు పదో వంతు తేమ తీసేస్తే 1,260 గ్రాముల ఎండు పదార్థం. కిలో రొయ్యలో దాదాపు ముప్పాతిక వంతు నీరే, మిగిలేది 250 గ్రాములు. అంటే ఐదో వంతు, సుమారు 20 శాతం. నియమం పేరు మోసిన అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్ 1942 నాటి వ్యాసంలో, మిన్నెసోటాలోని సీడార్ బాగ్ సరస్సుకు తాను కట్టిన అంకెలు కూడా సరిగ్గా పది కావు: శాకాహారులకు 13.3 శాతం, వాటిని తినేవాటికి 22.3 శాతం. ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆయన బతికి లేడు. పది అన్నది గుర్తుంచుకోవడానికి వీలైన గుండ్రటి సంఖ్య. మేత తినిపించి పెంచిన గుంటకూ, ఎండ మీద ఆధారపడ్డ సరస్సుకూ పోలిక అంత సూటిగా కుదరదని కూడా చెప్పాను. అయినా ఆ రోజు ఆ పిల్లలు నియమాన్ని పరీక్షించారు, ఒప్పజెప్పలేదు.

మిగిలిన ఎనభై శాతం ఎటు పోయిందన్నది తర్వాతి ప్రశ్న. కొంత రొయ్య బతకడానికి ఖర్చయింది, కొంత విసర్జనగా, తినకుండా మిగిలిన మేతగా అడుగు బురదలో చేరింది. ఇక్కడ విచ్ఛిన్నకారులు, అంటే ఆ బురదను కుళ్ళబెట్టే బాక్టీరియా లాంటివి, పటం అడుగున చుక్కలుగా ఉండిపోవు. తెల్లవారుజామున మూడు గంటలకు గుంట కాపలావాళ్ళను నిద్ర లేపేవి అవే. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక నాచు, రొయ్య, బాక్టీరియా అందరూ పీల్చుకునేవాళ్ళే, ఇచ్చేవాళ్ళు లేరు. పొద్దు పొడవబోయే ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. కరెంటు పోయి, జనరేటరు అందుకోకపోతే రొయ్యలు పైకి తేలతాయి. మా పిల్లల్లో సగం మంది ఇళ్ళలో ఆ పరుగు చూసినవాళ్ళే. ‘మొక్కలు రాత్రిపూట కూడా శ్వాసిస్తాయి’ అన్న వాక్యం వాళ్ళకు పుస్తకంలో ఒక బిట్ ప్రశ్న, ఇంట్లో అప్పూ కన్నీళ్ళూ. ఆ రెండూ ఒకటేనని చెప్పవలసిన బాధ్యత నాది, ఇన్నేళ్ళూ నేను చెప్పలేదు.

ఎదురు మాటలు

మా బడిలోనే పనిచేసే ఒక సీనియర్ మాస్టారుతో ఈ విషయం మీద రెండు వారాలుగా వాదిస్తున్నాను. ఆయన మొదటి అభ్యంతరం, ఆ అమ్మాయి గీసింది గుంట, అడిగింది చెరువు అని. మా వైపు మాటల్లో ఆ తేడా ఉన్న మాట నిజమే, ఆమె నోట మాత్రం రెండూ చెరువులే. అయితే రెంటికీ కట్ట పోసింది మనిషే అని నేను అన్నాను. ఆయన దాన్ని సగమే ఒప్పుకున్నారు.

రెండో అభ్యంతరం బరువైనది. జ్యామితిలో కాగితం మీద త్రిభుజంతో మొదలుపెడతాం, భూమి గుండ్రంగా ఉందని ఆరో తరగతిలోనే చెప్పి కంగారు పెట్టం కదా, అలాగే పిల్లవాడికి ముందు మూసి ఉన్న చెరువు కావాలి, తలుపులు తర్వాత తెరవవచ్చు అని ఆయన వాదన. బాణాలన్నీ బయటికి వేసుకుంటూ పోతే పెరూ దాకా పోవాలి, ఎక్కడ ఆపుతావు? దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. గీత లేకుండా చదువు సాగదని నేనూ ఒప్పుకుంటాను, టాన్‌స్లీ చెప్పిందీ అదే. కాని ఆ ‘తర్వాత’ మన బడుల్లో ఎప్పుడూ రాదు. పదో తరగతి దాటాక జీవశాస్త్రం మళ్ళీ ముట్టని పిల్లలే ఎక్కువ, వాళ్ళు జీవితాంతం మూసిన చెరువుతోనే మిగిలిపోతారు. అందుకే గట్టు గీసి, దానిలో మూడు గండ్లు మొదటి రోజే పెట్టమంటాను: నీరు వచ్చే చోటు, వదిలే చోటు, పొర్లే చోటు. పెరూ దాకా పోవడం పిల్లవాడి ఇష్టం.

మూడోది ఆయన అనలేదు, నాకే కలిగిన సంకోచం. గట్టు దాటే బాణాలు గీస్తే, అవి ఎవరి ఇంటి వైపో పోతాయి. ఉప్పు నీటి గుంటల ఊట పక్క వరి మడిలోకి దిగుతుందని చెప్పిన రోజు, మూడెకరాల గుంట కౌలుకు చేస్తున్నతని కొడుకు తల దించుకున్నాడు. వరి చేసే ఇంటి పిల్ల మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఈ తగాదా చిన్నది కాదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై తీర్పు ఇచ్చేదాకా పోయింది. తరగతిలో పదిహేనేళ్ళ పిల్లలను ఆ బోనులో నిలబెట్టడం న్యాయమా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మర్నాడు 1994, 95లలో వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు ఈ తీరాన టైగర్ రొయ్యను ఎలా తుడిచిపెట్టిందో చెప్పాను. ఒక గుంట వదిలిన నీరు కాలువలో కలిసి, ఇంకో గుంట మోటారు ఎత్తుకున్న నీరైంది. వైరస్‌కు గట్లు అడ్డం రాలేదు. నష్టపోయినవాళ్ళూ గుంటలవాళ్ళే. ఆ అబ్బాయి తల ఎత్తి, మా తాత అప్పుడే పొలం అమ్మినాడు సార్ అన్నాడు. నేను చేసింది ఒప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు, కాని అతను మాట్లాడాడు.

చివరిది, తప్పించుకోలేనిది, పబ్లిక్ పరీక్ష. మా పిల్లల జవాబు పత్రాలు వేరే జిల్లాలో ఎవరో దిద్దుతారు. మేత బస్తా, కరెంటు స్తంభం ఉన్న చెరువు పటం ఆ మాస్టారి ముందుకు వెళితే, నేను వేసిన రెండు మార్కులే ఆయనా వేయవచ్చు. అందువల్ల పరీక్షకు కొంగ ఉన్న చెరువూ, చదువుకు తూము ఉన్న చెరువూ, రెండూ నేర్పుతున్నాను. ఇది నాకు ఇష్టమైన ఏర్పాటు కాదు.

ఆ అమ్మాయి పత్రం తిరిగి తెప్పించుకొని నా ఎర్ర సిరా వాక్యం కొట్టేసి నాలుగు మార్కులు వేశాను. ఆమె పత్రాన్ని కాసేపు చూసి, ‘అయితే పరీక్షలో కొంగను గూడా గీసేదా సార్?’ అని అడిగింది. గీయమన్నాను. వాళ్ళ గుంట మీద కొంగలు వాలకుండా తీగలు కట్టి ఉన్నాయని ఆమె చెప్పింది.

వచ్చే యూనిట్ పరీక్షకు మా మాస్టారూ నేనూ కలిసి ఒక ప్రశ్న అనుకున్నాం: ‘మీరు గీసిన చెరువులోకి బయటి నుంచి వచ్చేవి మూడు, చెరువులోంచి బయటికి పోయేవి మూడు రాసి, అవి ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో చెప్పండి.’ రెండు మార్కులు. ఆయన ఒప్పుకున్నారు, ఒక షరతు పెట్టి: ప్రశ్నతో పాటు దిద్దేవాళ్ళకు కీ కూడా నేనే రాసివ్వాలి. మూడు రోజులుగా రాస్తున్నాను. రెండు పేజీలు నిండాయి, ఇంకా పెన్నా దగ్గరే ఉన్నాను.